నీటిలో, చక్రంపై, కాలినడకన

హైదరాబాదు నుంచి పడమటగా బీజాపూరుకు పోయే పాత బాటపై మొయినాబాదు దాటి చేవెళ్ల వైపు సాగితే, ఇరుపక్కలా ఊడలు దించుకొన్న మర్రిచెట్లు కనిపిస్తవి. తెల్లవారుజామున ఈ దారిలో రెండు తరగతులవారు ఎదురవుతారు. ఒకరు కూరగాయల బుట్టలతో, పూలమూటలతో నగరానికి పోయే రైతులు. రెండవవారు తలకు గట్టి టోపీలు ధరించి, సన్నని చక్రాల సైకిళ్లపై వంగి, నగరం నుంచి ఎదురువచ్చే యువతీ యువకులు. వీరికి అమ్మవలసిన సరుకు లేదు, చేరవలసిన సంత లేదు. పోయిన దారినే తిరిగివస్తారు. ఏమిటీ వ్యర్థప్రయాస అని చూచేవారికి తోచవచ్చును.

ఆషాఢమాసపు ఉదయం ఒకటి మేము ఈ దారిన పోతూ, చెట్టు నీడన నిలిచి ఉన్న ఒక వృద్ధ కర్షకునితో మాట కలిపినాము. ఆయన పడుచుదనంలో పాలక్యాన్లు సైకిలుకు కట్టి పట్నానికి తోలినవాడట. ఈ సైకిలువారిని చూచి ఏమనుకొంటారని అడిగినాము. ఆయన నవ్వి, "మేం కడుపుకోసం తొక్కినం సారు, వీళ్లు పంతంకోసం తొక్కుతున్నరు. ఎవల్దైనా గాలి ఒక్కటే. సరుకుతోని పట్నం పోతుంటే ఎనుకనుంచి తోసేది. ఇంటికొచ్చేటప్పుడు ఎదురు తిరిగేది. ఇచ్చినదానికన్న గుంజుకునేదే ఎక్కువ" అన్నాడు.

ఆ మాట మాకు చాలాసేపు మనసులో మెదిలినది. ఈ యువజనులలో కొందరు అభ్యసిస్తున్నది ట్రయథ్లాన్ అనే పందెం. ఈత, సైకిలు, పరుగు అనే మూడు విద్యలను నడుమ విశ్రాంతి లేకుండా ఒకే పగటిలో సాగించడం దీని నియమం. అందులోను దూరపు పందెమైన 'ఐరన్‌మాన్', అనగా ఉక్కుమనిషి పందెం, నేటి క్రీడలలో అతికఠినమైన వానిలో ఒకటి. దీని చరిత్ర చదివినకొద్దీ ఒక సంగతి స్పష్టమవుతుంది. ఈ పందెంలో ప్రక్కవాడు నిజమైన ప్రత్యర్థి కాడు. ఎండ, గాలి, వాన, అల అనేవే ప్రత్యర్థులు. వాటితో మనిషి ఎంతవరకు పోటీపడవచ్చును, ఎక్కడ తలవంచి ఆగవలెను అన్నదే ఈ క్రీడాచరిత్రకు మూలప్రశ్న.

మొదట దూరాలు మనవి చేస్తాము. ఈత 3.8 కిలోమీటర్లు, సైకిలు 180 కిలోమీటర్లు, పరుగు 42.195 కిలోమీటర్లు. అంకెలు చెవిని తాకి పోతవి గాని మనసుకు పట్టవు. కనుక మన నేలమీదనే కొలిచి చూద్దాము. యాభై మీటర్ల ఈతకొలనులో ఈ చివర నుంచి ఆ చివరకు 76 మార్లు ఈదితే మొదటి భాగం పూర్తి అవుతుంది. చేవెళ్ల హైదరాబాదుకు సుమారు 40 కిలోమీటర్ల దూరంలో ఉన్నది. నగరం నుంచి చేవెళ్లకు సైకిలుపై రెండుమార్లు పోయి రెండుమార్లు తిరిగివచ్చినా 180 కిలోమీటర్లు నిండవు, ఇంకా ఇరవై మిగిలి ఉంటవి. అవికూడ తొక్కిన పిమ్మట సైకిలు దిగి, చేవెళ్ల నుంచి నగరానికి కాళ్లతో పరుగెత్తుకొని రావలెను. ఇదంతయు సూర్యోదయాన మొదలిడి అర్ధరాత్రిలోగా ముగించవలెను. సాధారణంగా 17 గంటలు గడువు.

ఈ మూడింటిలో ఏ ఒక్కటియు కొత్తది కాదు. వాటిని కలపడమే కొత్త. విడివిడిగా వాటి కథలను తడవితే 1908వ సంవత్సరం మనలను ఆపుతుంది. ఆ ఏడు సుమారు రెండు నెలల వ్యవధిలో, ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు సంఘటనలు జరిగినవి. ఒకటి లండను నగరంలో, రెండవది మన హైదరాబాదులో.

1908 జూలై 24వ తేదీన లండను ఒలింపిక్ క్రీడలలో మారథాన్ పరుగు జరిగినది. విండ్సర్ రాజప్రాసాదం వద్ద మొదలై, క్రీడాస్థలిలో రాజకుటుంబం కూర్చున్న చోటికి ఎదురుగా ముగిసే విధంగా దారి ఏర్పరిచినారు. కొలిచి చూడగా 26 మైళ్ల 385 గజాలు తేలినది. తరువాత 1921లో ఆ దూరమే మారథాన్‌కు శాశ్వత ప్రమాణమయినది. నేడు ప్రపంచమంతటా పరుగెత్తేవారు 42.195 అనే వింత అంకెను మోయడానికి కారణం ఇదే. ఆనాడు లండనులో ఉక్కపోతగా ఉన్నది. ఇటలీ దేశస్థుడు డొరాండో పియెట్రి అందరికన్న ముందుగా క్రీడాస్థలి చేరినాడు గాని, అప్పటికే అతనికి తెలివి తప్పుతున్నది. దారి తప్పి ఎదురుదిశకు తిరిగినాడు, పలుమార్లు కూలినాడు. చూడలేక అధికారులు లేవనెత్తి గీత దాటించినారు. ఆ సాయం పొందిన కారణంగా అతని గెలుపు రద్దయి, అమెరికాకు చెందిన జానీ హేస్‌కు పతకం దక్కినది. మరునాడు అలెగ్జాండ్రా రాణి డొరాండోకు ఒక పాత్ర బహూకరించినది. గెలిచినవాని పేరును లోకం చాలవరకు మరచినది. కూలినవాని పేరు నేటికీ చెప్పుకొంటున్నది.

అదే సంవత్సరం సెప్టెంబరు 28వ తేదీన మూసీనది హైదరాబాదును ముంచివేసినది. అనంతగిరి కొండలలో పుట్టి, చేవెళ్ల మొయినాబాదు ప్రాంతాలను తాకుతూ నగరానికి వచ్చే ఈ చిన్న నది, మామూలు రోజులలో మోకాలిలోతు పారేది. ఆ దినాలలో శంషాబాదు వైపున ఒక్క దినంలోనే పన్నెండు అంగుళాలకు మించి వాన పడినది. పైనున్న చెరువులు రెండు వందలకు పైగా తెగినవి. ఒకదాని నీరు మరొకదానిని తెంపుకొంటూ వచ్చి నగరంపై పడినది. పదిహేను వేలమంది మరణించినారని అంచనా. వంతెనలు కొట్టుకొనిపోయినవి. అఫ్జల్‌గంజ్ వద్ద ఒక చింతచెట్టు కొమ్మలనెక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకొన్నారని చెప్పుకొంటారు. ఆ చెట్టు ఇప్పటికిని ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్నది.

ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించినది. వరదనీటిని నగరానికి రాకమునుపే పైన అడ్డగించి నిలుపవలెనని ఆయన సూచించినారు. ఆ సూచన ఫలితంగా మూసీపై 1920లో ఉస్మాన్‌సాగర్, ఈసీనదిపై 1927లో హిమాయత్‌సాగర్ పూర్తి అయినవి. మొదటిదానిని జనులు గండిపేట చెరువని పిలుస్తారు. మొయినాబాదు ఈ రెండు జలాశయాల నడుమ ఉన్న ఊరు. వానతో జరిపిన ఒక పోరాటంలో ఓడి, ఆ ఓటమి నుంచి నేర్చి, మనిషి కట్టుకొన్న కోటలు ఇవి. వరదను ఆపడానికి కట్టినవి దాహం తీర్చే నీళ్లుగా మారి, గండిపేట నీళ్లు తాగినవారు హైదరాబాదు విడువరన్న మాట పుట్టినది.

ఇక మూడవది సైకిలు. 1888లో జాన్ బాయిడ్ డన్‌లప్ తన కుమారుని మూడుచక్రాల బండికి గాలి నింపిన రబ్బరు చుట్టు తొడిగినప్పటి నుంచి సైకిలు సుఖవాహనమయినది. మన పల్లెలకు అది వచ్చిన తరువాత పాలు, కూరలు, ఉత్తరాలు, పెండ్లిపిలుపులు అన్నీ దానిపైననే నడిచినవి. చేవెళ్ల నుంచి పట్నానికి సరుకు తోలిన కర్షకుడు రోజూ పోనురాను 80 కిలోమీటర్లు తొక్కినాడంటే, అతనిని ఎవరును క్రీడాకారుడనలేదు. పతకం మాట దేవుడెరుగు, ఆలస్యమైతే పాలు విరిగిపోయేవి. దూరాన్ని ఓర్చుకొనే శక్తి మనకు కొత్తగా విదేశాల నుంచి రాలేదని చెప్పడానికే ఈ మాట.

ఈ మూడింటిని కలిపి ట్రయథ్లాన్ అనే పేరుతో జరిపిన తొలి ఆధునిక పందెం 1974 సెప్టెంబరు 25న అమెరికాలోని శాన్‌డియాగో నగరంలో, మిషన్ బే తీరాన జరిగినది. జాక్ జాన్‌స్టన్, డాన్ షానహాన్ అనే ఇద్దరు దానిని ఏర్పాటు చేయగా 46 మంది పాల్గొన్నారు. ఆ నలభై ఆరుగురిలో జాన్ కాలిన్స్ అనే నౌకాదళ అధికారి, ఆయన భార్య జూడీ ఉన్నారు. తరువాత ఆ దంపతులు హవాయి దీవులలోని ఒవాహుకు బదిలీ అయి వెళ్లినారు. 1977లో ఒక పరుగుపందెం ముగిసిన సందర్భాన అక్కడి క్రీడాకారుల మధ్య వాదం లేచినది. ఎవరిది ఎక్కువ దారుఢ్యం? ఈతగానిదా, సైకిలువానిదా, పరుగువానిదా? ఆ దీవిలో అప్పటికే మూడు పందేలు వేరువేరుగా ఉన్నవి. వయికీకీ సముద్రంలో 2.4 మైళ్ల ఈత, దీవి చుట్టు సైకిలు సవారి, హోనొలులు మారథాన్. మూడింటిని ఒకే దినాన జరిపిస్తే వాదం తేలిపోతుందన్నాడు కాలిన్స్. సైకిలు దారి మొత్తం 115 మైళ్లు. పరుగు మొదలయ్యే చోట సైకిలు ముగియడానికి అనువుగా మూడు మైళ్లు తగ్గించి 112 చేసినారు. నేటి 180 కిలోమీటర్ల లెక్క అలా వచ్చినది. ఏ మహాశాస్త్రజ్ఞుడును నిర్ణయించిన అంకె కాదు.

1978 ఫిబ్రవరి 18న 15 మంది నీటిలో దిగినారు. 12 మంది ముగించినారు. గోర్డన్ హాలర్ అనే టాక్సీ నడిపేవాడు 11 గంటల 46 నిమిషాల 58 సెకండ్లలో గెలిచినాడు. అతనికన్న చాలాసేపు ముందున్నవాడు జాన్ డన్‌బార్. పరుగు నడుమ అతనికి తోడుగా వచ్చినవారివద్ద నీళ్లు అయిపోయినవి. గత్యంతరం లేక బీరు ఇచ్చినారట. అది తాగి అతడు తూలుతూ రెండవవాడుగా చేరినాడు. హాస్యంగా చెప్పుకొనే కథ అయినా ఇందులో ఒక గంభీరమైన పాఠం ఉన్నది. కాళ్లలో బలముండి, గుండెలో పట్టుదల ఉండి, నీరు లేక ఓడిన మొదటివాడు డన్‌బార్. పందెం ప్రారంభించిన కాలిన్స్ కూడ 17 గంటల చిల్లరలో ముగించినాడు.

మరుసటి ఏడు, 1979 జనవరిలో, గాలివాన వచ్చిపడినది. సముద్రం ఉగ్రంగా ఉండడం చేత పందెం ఒకనాడు వాయిదా పడినది. మరునాటికిని తుపాను పూర్తిగా శాంతించలేదు. చేరవచ్చినవారిలో చాలామంది మానుకోగా 15 మందే దిగినారు. టామ్ వారెన్ గెలిచినాడు. ఆ పోటీలో లిన్ లెమేర్ అనే సైకిలు క్రీడాకారిణి ఐదవ స్థానంలో ముగించి, ఈ దూరాన్ని దాటిన తొలి మహిళ అయినది. ఆమె సమయం 12 గంటల 55 నిమిషాలు. ఆనాటి సంగతులు ఒక ప్రముఖ క్రీడాపత్రికలో వచ్చిన తరువాతనే ఈ పందెం పేరు లోకానికి తెలిసినది. కాబట్టి దీని ఖ్యాతికి కారణం ఎండకాచిన మంచి దినం కాదు, తుపాను. 1980లో మళ్లీ అలలు భయంకరంగా ఉండగా ఈతను ఒడ్డునున్న సురక్షితమైన కాలువకు మార్చినారు. 1981లో పందెం మొత్తం హవాయి పెద్దదీవిలోని కోనాకు తరలినది. అక్కడ తుపాను బాధ తక్కువ. కాని అగ్నిపర్వతాలు కక్కిన నల్లరాతి బయళ్ల నడుమ రోడ్డు, దానిపై ఎండ, ప్రక్కనుంచి ఈడ్చికొట్టే గాలి. ఒక ప్రకృతిశక్తిని తప్పించుకొంటే మరొకటి ఎదురైనది.

ఆ కోనాలోనే 1982 ఫిబ్రవరిలో జూలీ మాస్ అనే విద్యార్థిని అందరు స్త్రీలకన్న ముందు నడుస్తూ, గమ్యం కంటికి కనిపిస్తుండగా కాళ్లు చచ్చి కూలినది. లేచినది, మళ్లీ కూలినది. చివరి గజాలు చేతులపై మోకాళ్లపై పాకుతుండగా కాత్లీన్ మెకార్ట్‌నీ దాటిపోయి 29 సెకండ్ల తేడాతో గెలిచినది. జూలీ పాకుతూనే గీతపై చేయి వేసినది. టెలివిజనులో ఆ దృశ్యాన్ని చూచి వేలాదిమంది ఈ క్రీడలోకి వచ్చినారని చెప్తారు. డొరాండోను ఇతరులు లేవనెత్తినారు. జూలీ పాకుతూ తానే గీత చేరినది. డెబ్బది నాలుగేండ్ల వ్యవధిలో ఎండ అలాగే ఉన్నది, మనుష్యులే మారినారు.

ఇంతకును వాతావరణం శరీరాన్ని ఏమి చేస్తుంది? శ్రమించే కండరాలు పుట్టించే శక్తిలో అధికభాగం వేడిగా మారుతుంది. ఆ వేడిని బయటికి పంపే ఉపాయం చెమట. చెమట కారినంతమాత్రాన చాలదు, ఆరవలెను. ఆరుతూ శరీరపు వేడిని తీసికొనిపోతుంది. గాలిలో తేమ ఎక్కువైతే చెమట ఆరదు. అందుచేత రోహిణికార్తె పొడి ఎండకన్న, తొలకరి పడిన తరువాతి ఉక్కపోత ఒక్కొక్కప్పుడు ఎక్కువ ప్రమాదం. థర్మామీటరు తక్కువ చూపుతుంది, లోపలి మంట మాత్రం పెరుగుతుంది. గంటకు లీటరు చెమట పోవడం సాధారణం. దానితో ఉప్పుకూడ పోతుంది. కేవలం నీళ్లే అతిగా తాగినచో రక్తంలో ఉప్పు పలుచనై, మతి చలించి, ప్రాణానికే ముప్పు రావచ్చును. పొలానికి పోయే మన రైతు ఉప్పు వేసిన మజ్జిగను వెంట తీసికొనిపోవడంలోని విజ్ఞానం ఇదే.

గాలి సంగతి ఇంకను విచిత్రమైనది. వేగం రెట్టింపైతే గాలి అడ్డు నాలుగు రెట్లవుతుంది. గంటకు 25 కిలోమీటర్లు తొక్కేవానికి 15 కిలోమీటర్ల ఎదురుగాలి తగిలితే అతడు చీల్చవలసిన గాలి 40, అనగా అడ్డు రెండున్నర రెట్లు. తిరుగుప్రయాణంలో అదే గాలి వెనుకనుంచి తోస్తుంది గదా, చెల్లుకు చెల్లు అనుకొంటాము. కాదు. 40 కిలోమీటర్లు పోవడం 20 వేగంతో, రావడం 30 వేగంతో అయితే మొత్తం 3 గంటల 20 నిమిషాలు. గాలి లేనప్పుడు 25 వేగంతో పోయివస్తే 3 గంటల 12 నిమిషాలే. ఎదురుగాలిలో ఎక్కువసేపు ఉండవలసి వచ్చుటే దీనికి కారణం. ఆషాఢంలో మన దక్కనులో గాలి పడమటినుంచి వీస్తుంది. చేవెళ్ల బాట తూర్పు పడమరలుగా సాగుతుంది. మర్రిచెట్టు క్రింద ఆ వృద్ధుడు చెప్పిన మాట నూటికి నూరుపాళ్లు గణితం. ఆయన దానిని పుస్తకంలో చదువలేదు, తొడలతో నేర్చుకొన్నాడు.

చలి, వడగండ్లు కూడ ప్రాణాంతకాలే. 2021 మే 22న చైనాలోని గాన్సు రాష్ట్రంలో కొండలమీదుగా వంద కిలోమీటర్ల పరుగుపందెం జరిగినది. ఉదయం బాగానే ఉన్నది. మధ్యాహ్నానికి వడగండ్లవాన, ఈదురుగాలి విరుచుకొనిపడినవి. పలుచని దుస్తులలో కొండపైనున్న 172 మందిలో 21 మంది చలికి మరణించినారు. వారిలో ఆ దేశపు మేటి పరుగుగాండ్రు ఉన్నారు. శక్తి చాలక మరణించినవారు కారు. హెచ్చరికను తగినంతగా లెక్కచేయనందున, ఆపవలసిన వేళ ఆపనందున మరణించినారు. దీనికి భిన్నమైన ఉదాహరణ 2024 పారిస్ ఒలింపిక్ క్రీడలలో కనిపించినది. వానలకు నగరపు మురుగు సీన్ నదిలో కలిసి నీరు చెడినందున, జూలై 30న జరుగవలసిన పురుషుల ట్రయథ్లాన్‌ను మరునాటికి వాయిదా వేసినారు. లోకమంతా చూస్తున్నదని సంకోచించలేదు. మరునాడు స్త్రీలలో ఫ్రాన్సుకు చెందిన కసాండ్ర్ బోగ్రాండ్, పురుషులలో బ్రిటనుకు చెందిన అలెక్స్ యీ గెలిచినారు. ఒకనాటి ఆలస్యం వల్ల ఎవరి కీర్తియు తరగలేదు.

మన దేశంలో ఇటువంటి దీర్ఘసాహసాలకు పూర్వచరిత్ర లేకపోలేదు. 1958 సెప్టెంబరులో మిహిర్ సేన్ ఇంగ్లీషు చానలును ఈదినాడు. మరుసటి ఏడు ఆరతీ సాహా ఆ పని చేసిన తొలి ఆసియా మహిళ అయినది. 1966లో మిహిర్ సేన్ సింహళానికి మన తీరానికి నడుమనున్న పాక్ జలసంధిని కూడ దాటినాడు. ఆ జలసంధినే 2021 మార్చి 19న మన హైదరాబాదు వనిత గోలి శ్యామల 13 గంటల 43 నిమిషాలలో దాటినది. అప్పటికి ఆమె వయస్సు 47 సంవత్సరాలు. నీటిభయం పోగొట్టుకోవడానికి నడివయస్సులో ఈత నేర్చుకొన్న ఇల్లాలు ఆమె. ఇక త్రివిధ పందెం మాటకు వస్తే, ఐరన్‌మాన్ సంస్థవారి తొలి పోటీ మన దేశంలో 2019 అక్టోబరు 20న గోవాలో జరిగినది. అది పూర్తి దూరంలో సగం. మన సైనికుడు బిశ్వర్జిత్ సైఖోం అందులో విజేత.

ఇటువంటి పోటీలకు సిద్ధమయ్యే మన నగరవాసులకు చేవెళ్ల బాట వ్యాయామశాల వంటిది. ఎత్తుపల్లాలు, పడమటిగాలి, దూరాన అనంతగిరి కొండలు అన్నీ ఉన్నవి. రెండు మహాజలాశయాలు ప్రక్కనే ఉన్నవి. కాని అవి తాగునీటి చెరువులు. వాటిని క్రీడాకొలనులుగా తలచరాదు. వాటి పరిశుభ్రత కొరకే 1996లో ప్రభుత్వం 111వ నంబరు ఉత్తరువు వెలువరించి, మొయినాబాదు, చేవెళ్ల మున్నగు మండలాలలోని 84 గ్రామాలలో కట్టడాలపై ఆంక్షలు పెట్టినది. 2022లో వాటిని సడలిస్తూ మరొక ఉత్తరువు వచ్చినది. దానిపై వాదోపవాదాలు చెలరేగినవి. రైతుకు తన భూమికి విలువ కావలెను, నగరానికి నీరు కావలెను. ఈ రెండును న్యాయమైన కోరికలే గనుక తగవు తేలికగా తెగేది కాదు. వాన కురిసినప్పుడు పైనున్న నేల నీటిని పీల్చుకోవలెనా, క్రిందికి తరుమవలెనా అన్న ప్రశ్న 1908లోనే మన ముందుకు వచ్చినదని మాత్రం మరువరాదు.

బాట సంగతియు అంతే. మొయినాబాదు నుంచి మన్నెగూడ దిశగా తొమ్మిది వందలకు పైగా మర్రిచెట్లు ఈ దారిని కాస్తున్నవి. ఇరుకైన రోడ్డుపై వాహనాలు పెరిగినవి. 2025 నవంబరు 3న చేవెళ్ల మండలంలో మీర్జాగూడ వద్ద కంకర లారీ, బస్సు ఢీకొని పలువురు ప్రాణాలు కోల్పోయినారు. రోడ్డు వెడల్పు కావలెనన్నవారి దుఃఖం కాదనరానిది. చెట్లు నిలువవలెనని హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లినవారి వేదనయు కాదనరానిది. ఎక్కువ చెట్లను నిలుపుకొంటూ రోడ్డును వెడల్పు చేయడానికి 2025లో దారి ఏర్పడినది. మధ్యాహ్నం ఈ దారిన నడిచినవారికి మర్రినీడకు, బయటి ఎండకు ఉన్న తేడా చెప్పనవసరం లేదు. పంతంకోసం తొక్కేవానికిని కడుపుకోసం తొక్కేవానికిని ఆ నీడ ఒక్కటే.

మా శ్రోతల ఇండ్లలో ఎవరైనా కుమారుడో కుమార్తెయో ఈ కఠినాభ్యాసానికి పూనుకొంటే తల్లిదండ్రులు ఆటంకపెట్టవలదని మా మనవి. కాని రెండు మాటలు చెప్పి పంపండి. ఎండను చూచి బయలుదేరవలెను, ఉప్పు నీరు వెంట ఉండవలెను. ఉరుము వినిపించినా, తల తిరిగినా, చెమట ఆగి ఒళ్లు వేడెక్కినా ఆగిపోవలెను. ఆగినవానికి వచ్చే ఆదివారం మళ్లీ దారి ఉంటుంది.

ఆ ఉదయం మేము తిరిగి బయలుదేరుతుండగా నగరం వైపు నుంచి ఒక యువతి ఎదురుగాలిలో నెమ్మదిగా తొక్కుతూ వచ్చి, చెట్టు వద్ద దిగి, సీసాలోని నీరు అయిపోయినదని చూచుకొన్నది. వృద్ధుడు తన మజ్జిగచెంబు ఆమెకు అందించినాడు. ఆమె రెండు గుక్కలు తాగి, నమస్కరించి, సైకిలెక్కినది. "గాలి పెరుగుతున్నది బిడ్డా, చేవెళ్ల కాడ మర్లి రా" అని ఆయన వెనుకనుంచి కేక వేసినాడు. ఆమె చేయెత్తి సరేనన్నది.